తలుపు బయట బెంచీ

అమ్మాయీ,

దీవించి రాస్తున్నాను. ఆ సొరంగం పనిలో నువ్వూ అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ప్రతిసారీ చెయ్యి అలవాటుగా రాసేస్తుంది, ఈసారి మాత్రం ఆలోచించి రాశాను. నీ కూతురి కుడి మణికట్టు ఇంకా కట్టులో ఉంది. దాన్ని మినహాయిస్తే అందరం క్షేమమే.

సామాన్ల వ్యానులో పంపిన నీ ఉత్తరం అందింది. కలం ఎంత నొక్కి రాశావో, అక్షరాలు కాగితం వెనక వైపుకి పొడుచుకొచ్చాయి. ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పోసేశావు. వరసగా జవాబు చెప్తాను. పోలీసులకి ఇమ్మని నువ్వు రాసి పంపిన ఫిర్యాదు కాగితం సంగతి మాత్రం చివర్లో. తప్పించుకోవడానికి కాదు. ముందున్నవి చదవకుండా అది చదివితే నీకు అర్థం కాదు.

ఎముక సరిగ్గానే అతుక్కుంటోంది. డాక్టరమ్మ మళ్ళీ ఎక్స్‌రే తీయించింది. నేనూ చూశాను. గీత ఒకటి సన్నగా ఉంది. "వేళ్ళు ఆడించు" అంటే నీ కూతురు డాక్టరమ్మ గొంతుతోనే "వేళ్ళు ఆడించు" అంది. ఆవిడకి నవ్వాగలేదు. నాకు ఒళ్ళు మండింది.

ఉత్తరం ఎందుకు రాయడం లేదని అడిగావు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటోంది. నాలుగు లైన్లు రాసి, బాగా లేదని చింపేస్తోంది. ఈసారి చింపనివ్వలేదు, ఈ కవర్లోనే పెట్టాను. అక్షరాలు చూసి బెంగ పెట్టుకోకు. నువ్వు ఒకటో తరగతిలో రాసినవాటి కంటే నయంగానే ఉన్నాయి.

మూడో ప్రశ్న కాస్త వెటకారంగా అడిగావు. "పిల్లలకి శాంతి నేర్పే చోట చేతులు విరగడమేమిటి, అసలు మీరక్కడ చేసేదేమిటి?" అని. నేను రిటైరయ్యాక ఏదో ఒక పని ఉండాలని యువజన కేంద్రంలో లెక్కలూ తాళంచెవీ తీసుకున్నానని మాత్రమే నీకు తెలుసు. వివరంగా చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.

మూతబడిన ప్రింటింగ్ ప్రెస్సు అది. నేల మీద సిరా మరకలు ఇంకా పోలేదు. ఒక హాలు, రెండు చిన్న గదులు, ఒక టేబుల్ టెన్నిస్ బల్ల, చాలని కుర్చీలు. నడిపేది ఒక రిటైరైన బస్సు కండక్టరు. పిల్లలంతా కండక్టర్ బాబాయ్ అంటారు. మనిషి ఉద్యోగం మానేశాడు గాని ఉద్యోగం మనిషిని మానలేదు. గుమ్మంలో ఎవరైనా నిలబడితే "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అని ఇప్పటికీ అరుస్తాడు. మన పేట పిల్లలూ పక్క పేట పిల్లలూ ఒకరి మీద ఒకరు రాళ్ళు వేసుకునే రోజుల్లో ఆయనే ఆ ఇల్లు అడిగి తీసుకుని తలుపులు తెరిచాడు. ఉపన్యాసాలు ఉండవు. పద్ధతులు రెండే.

ఒకటి, బెంచీ. గోడ పక్కన పొడుగాటి చెక్క బెంచీ ఒకటి ఉంటుంది. ఎవరికైనా చెయ్యి లేచేలా ఉంటే, ఆ చెయ్యి ఎత్తకముందు వచ్చి దాని మీద కూర్చోవాలి. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. చల్లబడ్డాక లేచి వెళ్ళిపోవచ్చు. పిల్లలు దానికి కూలింగ్ బెంచీ అని పేరు పెట్టారు.

రెండోది ఇంకా కష్టం. ఇద్దరికి గొడవైతే, ఎవరి ఫిర్యాదు వాళ్ళు చెప్పుకోవడానికి లేదు. ముందు ఎదుటివాళ్ళ మాట చెప్పాలి. అదీ "నేను" అని మొదలుపెట్టి, ఆ మనిషే తాననుకుని చెప్పాలి. వినేవాళ్ళు రెండు మాటలే అనొచ్చు. సరిగ్గా ఉంటే "అదే" అనాలి. లేకపోతే "ఇంకా ఉంది" అనాలి. ఏముందో చెప్పకూడదు. చెప్పేవాళ్ళే పోయి తెలుసుకుని రావాలి. "అదే" అనిపించుకున్నాకే తమ గోడు విప్పుకోవాలి. చాలామందికి అప్పటికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక నీ కూతురిని తోసిన పిల్ల ఎవరని అడిగావు. పదిహేడేళ్ళ పిల్ల. పొడుగ్గా ఉంటుందని అందరూ నిచ్చెన అంటారు. ఆ పేరు ఆ పిల్లకీ ఇష్టమే. అగ్నిమాపక దళంలో శిక్షణకి పేరు ఇచ్చింది మరి. కేంద్రం నుంచి మంచి నడవడి పత్రం ఇస్తే చేర్చుకుంటారు. పోలీసు కేసుంటే చేర్చుకోరు. తండ్రి మన వీధి చివర చిన్న కొట్లో వాచీలు బాగుచేస్తాడు, తాళంచెవులు చేస్తాడు. ఆయనకి నత్తి.

ఎందుకు తోసింది? ఇది నీకు ఫోనులో ఎవరూ చెప్పలేదు. నీ కూతురు (తప్పు చేసినప్పుడు నీ కూతురు, ప్రైజు తెచ్చినప్పుడు నా మనవరాలు) ఎవరి గొంతైనా పట్టేస్తుందని నీకు తెలుసు. కేంద్రంలో దాన్ని చిలక అంటారు. ఆ వాచీల ఆయన "రే... రే... రేపు ఇస్తాను" అనడాన్ని అనుకరించి, ఎవరో ఫోనులో తీస్తుంటే నవ్వుతూ నిలబడింది. ఆ వీడియో ఫోను నుంచి ఫోనుకి పాకింది. చిన్న చిన్న పిల్లలు కొట్టు ముందుకెళ్ళి "రే రే రేపు" అని పరిగెత్తడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం నీ కూతురు బస్టాపులో స్నేహితులతో ఉంది. నిచ్చెన వచ్చి రెండు చేతులతో తోసింది. వెనక మెట్లు. అంతే.

మొదటి ఆదివారం ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. చుట్టూ పిల్లలు. అక్కడి రాతపని కూడా నాదే గనక రాసుకోవడానికి పక్కన కూర్చున్నాను. నీ కూతురు ముందు చెప్పాలి. నిచ్చెన గొంతు పెట్టి మొదలుపెట్టింది. అచ్చం అదే గొంతు.

"గొంతు వద్దమ్మా, మాట కావాలి" అన్నాడు కండక్టర్ బాబాయ్.

గొంతు తీసేసేసరికి నీ కూతురికి మాట రాలేదు. చివరికి అంది, "నేను నిచ్చెనని. మా నాన్నని వెక్కిరించారు. నాకు కోపం వచ్చింది."

"ఇంకా ఉంది" అంది నిచ్చెన.

"మా నాన్నకి అవమానం అయింది. కొట్టుకి గిరాకీ తగ్గింది."

"ఇంకా ఉంది."

"ఇంకేముంటుందే? నా చెయ్యి విరగ్గొట్టి క్విజ్ పెడుతున్నావా?" అంది నీ కూతురు. ఆరోజుకి అక్కడితో ఆపేశారు.

మర్నాడు నా వాచీ తీసుకుని "నడు" అన్నాను. "నేను రాను, ఆయన మొహం ఎలా చూడను?" అంది. "మొహం కాదు, వాచీ చూపిద్దువుగాని" అన్నాను. వెళ్ళాం. ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, వాచీ తీసుకున్నాడు, మూత తెరిచి చూశాడు. మాట్లాడలేదు. బల్ల కింద నుంచి ఒక పలక తీసి, దాని మీద "రేపు" అని రాసి మాకు చూపించాడు.

ఆయన మాట్లాడటం మానేశాడు, అమ్మాయీ. కొట్లోనే కాదు, ఇంట్లోనూ అంతేనట. నీ కూతురు ఆ పలక చూసి నా వెనక్కి వచ్చేసింది. దారిలో ఒక్క గొంతూ పెట్టలేదు. ఇంటికొచ్చాక అన్నం వద్దంది. నేను బలవంతపెట్టలేదు. నా పద్ధతి కాదని నీకు తెలుసు, అయినా ఆరోజు పెట్టలేదు.

వారమంతా అక్కడా ఇక్కడా అడిగి తెలుసుకుని, రెండో ఆదివారం నీ కూతురు చెప్పింది. "నేను నిచ్చెనని. ఆ సాయంత్రం నేను కొట్టుకి వెళ్ళేసరికి మా నాన్న చేతిలో పలక ఉంది. ఎవరికో రాసి చూపిస్తున్నాడు. నన్ను చూసి కూడా పలక మీదే రాశాడు. నా పేరు పలకడానికి ఆయనకి ఎప్పుడూ చాలాసేపు పట్టేది. నాకు అది ఇష్టం. ఇప్పుడది లేదు."

నిచ్చెన తల వంచుకుని "అదే" అంది.

తర్వాత నిచ్చెన వంతు. అది నీ కూతురిగా చెప్పిన మాటలు నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకుండా దాస్తే లెక్క తప్పుతుంది. "నేను చిలకని. మా అమ్మానాన్నా సొరంగం తవ్వుతున్నారు. నేను మా అమ్మమ్మ దగ్గరుంటాను. మా ఇంట్లో గట్టిగా నవ్వకూడదు, పళ్ళెం చప్పుడవకూడదు, తలుపు దడాలున వేయకూడదు. బయట ఎవరి గొంతైనా పెడితే అందరూ నా చుట్టూ చేరతారు. అది ఎవరి గొంతో అప్పుడు గుర్తుండదు."

నీ కూతురు నా వైపు చూడకుండా "అదే" అంది. నేను రాసుకుంటున్న కలం ఆగింది. మళ్ళీ రాసుకున్నాను.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ పిల్లలు తమకి తాము పెట్టుకున్న నియమం ఒకటుంది. చెయ్యి చేసుకున్నవాళ్ళు ముందు బెంచీ దగ్గరికి వచ్చి ఉంటే ఒక లెక్క. అసలు రాకుండానే చెయ్యి ఎత్తితే ఏడాదిపాటు కేంద్రంలోకి రాకూడదు, ఏ పత్రమూ ఇవ్వరు.

కండక్టర్ బాబాయ్ అడిగాడు. "చెయ్యి లేస్తోందని తెలిసింది కదమ్మా. బెంచీ ఎక్కడికీ పోలేదే, ఎందుకు రాలేదు?"

నిచ్చెన నేల మీద సిరా మరకల వైపు చూసింది. "తప్పే బాబాయ్" అంది.

"తప్పని నాకూ తెలుసు. ఎందుకని అడుగుతున్నా."

"తోసింది నేనే. ఇంకేం లేదు."

పిల్లలు గుసగుసలాడుకున్నారు. ఒకడు లేచి, "రూల్ అంటే రూల్. నన్నూ ఇలాగే ఏడాదిపాటు బయట పెట్టి, ఈమధ్యే రానిచ్చారు" అన్నాడు. చేతులెత్తించి లెక్క పెట్టాల్సింది నేను. అందరూ నా వైపు తిరిగారు. నిచ్చెన మాత్రం తిరగలేదు.

ఇప్పుడు నీ కాగితం దగ్గరికి వచ్చాను. నీళ్ళు తాగి వచ్చి కూర్చుని చదువు.

ఆ సాయంత్రం నేను కేంద్రం మూస్తున్నాను. మూసే వేళ బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ వేళకి గడియ పెట్టడంలో నేను ఒక్కరోజూ తప్పలేదని నీకు ఎన్ని ఉత్తరాల్లో గొప్పగా రాసుకున్నానో నువ్వే చూసుకో. గడియ పెట్టి లైట్లు ఆర్పబోతుంటే తలుపు అద్దం మీద ఎవరో కొట్టారు. చూస్తే నిచ్చెన. పరిగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. రెండు చేతులూ పిడికిళ్ళు.

"మామ్మగారూ, ఒక్క పది నిమిషాలు కూర్చుని పోతానండీ" అంది.

"టైమైపోయింది. రేపు రా" అన్నాను.

"రేపటికి అవసరం ఉండదండీ."

నాకది పెడసరంగా వినిపించింది. ఎదురు మాట్లాడే పిల్లలంటే నాకు పడదని నీకు తెలుసు. లైటు ఆర్పేశాను. వెనక తలుపు నుంచి ఇంటికి వచ్చేశాను. చెప్పులు విప్పుతుండగా నీ కూతురి గురించి ఫోను వచ్చింది.

ఆ వేళ నుంచి రెండు ఆదివారాలు నాలో నేనే వాదించుకున్నాను. బోర్డు మీద ఉన్న వేళే పాటించానని. ఆ పిల్ల ఎందుకొచ్చిందో నాకెలా తెలుస్తుందని. ఎందుకొచ్చావని అడగకూడదన్నదే కదా పద్ధతి అని. లోపలికి రానిస్తేనే ఆ పద్ధతి. నేను రానివ్వలేదు. ఎవరో ఒకరు అడుగుతారులే, అప్పుడు చెప్దాం అనుకున్నాను. ఎవరూ అడగలేదు. తెలిసింది ఆ పిల్లకి, నాకు. ఆ పిల్ల చెప్పలేదు. ఆదివారం వస్తే కుర్చీలు వేస్తూ "మామ్మగారూ, లేవకండి, నేను జరుపుతా" అంటుంది.

చేతులెత్తించాల్సిన చోట నేను లేచి నిలబడ్డాను. "ఆ పిల్ల బెంచీ కోసం వచ్చింది. నేను తలుపు తీయలేదు" అన్నాను. జరిగింది జరిగినట్టు, నా మాటలతో సహా చెప్పాను.

అప్పుడు మూల నుంచి ఒక గొంతు వినిపించింది.

"టైమైపోయింది. రేపు రా."

నా గొంతు అది. నేను నోరు తెరవలేదు. నీ కూతురు కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నా వైపు సూటిగా చూస్తూ అంది. అచ్చం నాలాగే అంది. నా గొంతు అంత పొడిగా ఉంటుందని నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. ఆ తలుపుకి అటువైపు నిలబడి విన్నట్టయింది నాకు.

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. ముందు నవ్వింది నిచ్చెన. తర్వాత అందరూ. చివరికి నేను కూడా నవ్వాననే అంటున్నారు. నాకు గుర్తులేదు.

నవ్వులయ్యాక కండక్టర్ బాబాయ్ కుర్చీ ఒకటి నిచ్చెన ఎదురుగా వేశాడు. "మామ్మగారూ, మీరూ టిక్కెట్టు తీసుకోవాలి. అందరికీ ఒకటే రేటు" అన్నాడు. కూర్చున్నాను.

"నేను నిచ్చెనని. చెయ్యి ఎత్తకూడదని పరిగెత్తి వచ్చాను. తలుపు తీయలేదు" అన్నాను.

"ఇంకా ఉందండీ" అంది ఆ పిల్ల. నియమంలో "అండీ" లేదు, అయినా అంది.

"నేను బతిమాలాను. ఆవిడ నన్ను పెడసరం పిల్ల అనుకుంది. లైటు ఆర్పేసింది."

"ఇంకా ఉందండీ."

ఉద్యోగం చేసే రోజుల్లో లెక్క తేలకపోతే మొదటి నుంచి మళ్ళీ చూసుకునేదాన్ని. అలాగే మొదటి నుంచి చూశాను. ఆ పిల్ల ఎక్కడి నుంచి బయల్దేరింది? నాన్న కొట్టు నుంచి. ఎక్కడికి వచ్చింది? కేంద్రానికి. మధ్యలో ఏముంది? ఉన్నది ఒకటే రోడ్డు. మధ్యలో బస్టాపు.

"నేను వచ్చేటప్పుడే బస్టాపులో చిలక కనిపించింది" అన్నాను. "ఫోను చూస్తూ నవ్వుతోంది. నేను ఆగలేదు. పిడికిళ్ళు బిగించుకుని, దాని పక్క నుంచే పరిగెత్తాను. దాన్ని ఏమీ చేయకుండా దాటుకుని వచ్చాను. మీరు నన్ను మళ్ళీ ఆ దారినే పంపారు."

నిచ్చెన "అదే" అనడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళ నాన్నకి పట్టినంత.

నువ్వు అడిగే ముందే చెప్తాను. నీ కూతురి చెయ్యి విరగడం తప్పు కాదని నేను అనడం లేదు. ఆ రెండు చేతులూ నిచ్చెనవే. ఆ పిల్లా కాదనడం లేదు. ఎందుకు నోరు విప్పలేదని తర్వాత అడిగాను. "చెప్తే మీ మీద పెట్టినట్టుంటుందండీ. చెయ్యి నాదే కదా" అంది. అలాంటి పిల్ల మంటల్లోకి నిచ్చెన వేసుకుని ఎక్కుతానంటే నేను అడ్డుపడలేను.

పిల్లలు ఎవరినీ బయట పెట్టలేదు. బెంచీని మాత్రం బయట పెట్టారు. ఇప్పుడది తలుపు బయట, వసారాలో ఉంది. దానికి తాళం లేదు, వేళా లేదు. తాళంచెవి ఇచ్చేస్తానన్నాను. "ఇద్దరి దగ్గర ఉంటే మంచిది, ఒకటి చాలకే కదా ఈ గొడవ" అన్నాడు కండక్టర్ బాబాయ్. రెండో తాళంచెవి చేయించడానికి నీ కూతురిని తీసుకుని వాచీల ఆయన దగ్గరికే వెళ్ళాను. అది ముందుకు వెళ్ళి నిలబడింది. తప్పయిందని చెప్పింది, తన గొంతుతో. ఆయన పలక కోసం వంగాడు. వంగి, ఆగాడు. పలక తీయలేదు.

"రే... రే..." అన్నాడు.

దానికి ఆ మాట తెలుసు. ఆయన కంటే ముందే అనేయగలదు. అనలేదు. రెప్ప కూడా వేయకుండా నిలబడింది. "రే... రేపు ఇస్తాను" అని ఆయన పూర్తిచేశాక, "సరేనండీ, రేపు వస్తాను" అంది. తాళంచెవి తెచ్చి నిచ్చెన చేతికి ఇచ్చింది కూడా అదే. ఇద్దరూ స్నేహితులైపోయారని రాయను. ఒకే బెంచీ మీద, ఈ చివరా ఆ చివరా కూర్చుంటున్నారు.

ఇక నీ ఫిర్యాదు కాగితం. దీంతో తిప్పి పంపుతున్నాను. నేను సంతకం పెట్టలేదు. తల్లివి నువ్వు, బిడ్డకి దెబ్బ తగిలినప్పుడు పక్కన లేకపోయానన్న బాధ ఆ కాగితం నిండా ఉంది. నాకు కనిపించింది. సంతకం పెట్టనని నేను మొండికేయడం లేదు. ఒక్క షరతు. కేంద్రంలో అందరికీ ఉన్నదే. ముందు ఆ పిల్ల మాట నువ్వు రాసి పంపు. "నేను నిచ్చెనని" అని మొదలుపెట్టి, నీకు తోచినంత రాయి. నేనే చదివి వినిపిస్తాను. నిచ్చెన "అదే" అన్న రోజున, అప్పటికీ నీకు కావాలనిపిస్తే, కాగితం పంపు, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను.

తొందరపడి రాయకు. ఈ వారం వ్యానుకి అందకపోతే పై వారం, అప్పటికీ కాకపోతే ఆ పైన. నీ చిన్నప్పటి నుంచి నీకు చెప్పిన ప్రతి పనికీ గడువు పెట్టాను. దీనికి పెట్టడం లేదు. నువ్వు ఎప్పుడు తట్టినా తలుపు తీస్తాను.

అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు. సొరంగంలోకి వెళ్ళేటప్పుడు టోపీ మర్చిపోకు.

ఇట్లు,
పొడి గొంతు సరిచేసుకుంటున్న
మీ అమ్మ